‘కార్నర్ ది మార్కెట్’: ఒక వాణిజ్య జాతీయం అర్థపరిణామ చరిత్ర, తెలుగు అనువాద సమస్య

వ్యాస సంగ్రహం:

ఒక సరుకును మొత్తంగా చేజిక్కించుకుని దాని ధరను శాసించడం అనే అర్థంలో ‘కార్నర్ ది మార్కెట్’ అనే ఆంగ్ల జాతీయం నేడు వాడుకలో ఉంది. తెలుగులో దీనికి తరచుగా ‘గుత్తాధిపత్యం’ అనే మాటను సమానార్థకంగా వాడుతున్నారు. అయితే 19వ శతాబ్దపు అమెరికన్ వర్తక కేంద్రాలలో ‘కార్నర్’ అన్నది శాశ్వతమైన గుత్తాధిపత్యానికి పేరు కాదు. తన వద్ద లేని సరుకును ముందుగా అమ్మిన వ్యక్తిని, గడువు నాటికి తప్పించుకునే దారి లేకుండా ఇరుకున పెట్టడానికి అది పేరు. ఆ తొలి అర్థం ఏ పరిస్థితులలో పుట్టింది, ఏ క్రమంలో విస్తరించింది, తెలుగులోకి వచ్చేసరికి ఏమి కోల్పోయింది అన్న విషయాలను చారిత్రక ఆధారాలతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: కార్నర్, గుత్త, గుంపగుత్త, మారుబేరం, ఏకస్వామ్యం, ముందస్తు ఒప్పందాలు, చికాగో గోధుమ విపణి, అర్థవ్యాప్తి.

1. ఉపోద్ఘాతం:

జాతీయాలు ఒక జాతి అనుభవం నుంచి పుడతాయి. ఆ అనుభవం మరుగున పడిన తరువాత కూడా మాట మిగులుతుంది. వ్యవసాయం నుంచి, యుద్ధం నుంచి, జూదం నుంచి పుట్టిన మాటలు వాటి పుట్టినచోటు తెలియనివారి నోటిలో కూడా నలుగుతూ ఉంటాయి. ‘కార్నర్ ది మార్కెట్’ అలాంటి జాతీయమే. ఇందులో ‘కార్నర్’ అంటే మూల. విపణికీ మూలకీ సంబంధం ఏమిటన్న ప్రశ్న ఆంగ్ల పాఠకునికి సాధారణంగా తట్టదు. అనువాదకుడు మాత్రం ఆ ప్రశ్నను తప్పించుకోలేడు.

మాటకు మాటగా చూస్తే తెలుగులో ‘మార్కెట్‌ను మూలకు నెట్టడం’ అనవలసి వస్తుంది. కానీ తెలుగు నుడికారంలో ‘మూలన పడటం’, ‘మూలకు నెట్టడం’ అంటే ఉపేక్షకు గురికావడం. మూలనపడిన సరుకు ఎవరికీ అక్కరలేనిది. ఆంగ్ల జాతీయం చెప్పేది మాత్రం అందరికీ అత్యవసరమైన సరుకు గురించి. ఈ చిక్కు వల్లనే అనువాదకులు ‘గుత్తాధిపత్యం’ అనే సిద్ధంగా ఉన్న మాటను ఆశ్రయిస్తారు. ఈ మాట చరిత్ర వేరు, ఆ మాట చరిత్ర వేరు. రెండింటినీ ఒకటిగా భావించినప్పుడు ఆర్థిక చరిత్రలో ఎవరు ఎవరిని, ఏ సాధనంతో దెబ్బతీశారు అన్నది అస్పష్టమవుతుంది.

2. జాతీయానికి ముందున్న ఆచరణ, శిక్ష:

సరుకును ఒకే చేతిలోకి తెచ్చుకుని లాభపడటం ఈ జాతీయం కన్నా ఎంతో ప్రాచీనమైన విషయం. అరిస్టాటిల్ తన ‘రాజనీతి’ గ్రంథంలో రెండు ఉదంతాలను పేర్కొన్నాడు. తత్త్వవేత్త థేలీస్ ఆలివ్ పంట బాగా పండుతుందని ముందుగానే గ్రహించి, చలికాలంలోనే మిలెటస్, కియోస్ ప్రాంతాల నూనె గానుగలకు కొద్దిపాటి బయానా చెల్లించి తన పేరిట ఉంచుకున్నాడు. పంట చేతికొచ్చి గానుగల కోసం జనం ఎగబడినప్పుడు తాను కోరిన రేటుకు అద్దెకిచ్చాడు. రెండవ ఉదంతం సిసిలీకి చెందినది. అక్కడ ఒకడు గనులలోని ఇనుమంతా కొనివేసి, ధరను పెద్దగా పెంచకుండానే భారీ లాభం గడించాడు. సిరక్యూస్ పాలకుడు డయనీసియస్ అతని సొమ్ము అతన్ని తీసుకుపొమ్మని, నగరంలో మాత్రం ఉండవద్దని ఆజ్ఞాపించాడు. ‘మోనోపొలీ’ అనే మాటకు మూలమైన గ్రీకు పదానికి ‘ఒక్కడే అమ్మడం’ అని అర్థం. ఈ రెండు ఉదంతాలలోనూ అమ్మేవాడు ఒక్కడే.

కౌటిలీయ అర్థశాస్త్రం ఇదే విషయాన్ని మరొక కోణం నుంచి చూసింది. ‘కంటకశోధనం’ అనే నాలుగవ అధికరణంలో వర్తకుల నుంచి ప్రజలను కాపాడే విధానాన్ని వివరిస్తూ, వర్తకులు కూడబలుక్కుని సరుకును అడ్డగించినా, అనుచితమైన ధరకు అమ్మినా వేయి పణాల దండన విధించాలని చెప్పింది. ఇక్కడ నేరం ఒక్కడు చేసేది కాదు. వర్తకులు ‘కూడి’ చేసేది. అడ్డగించబడేది సరుకు, నష్టపోయేది కొనుగోలుదారు.

ఇంగ్లండులో ఈ నేరానికి మూడు పేర్లు ఉండేవి. విపణికి వస్తున్న సరుకును దారిలోనే కొనివేయడం ఒకటి. విపణిలో కొన్న సరుకును అదే విపణిలో గాని, దానికి నాలుగు మైళ్ళ లోపున గాని తిరిగి అమ్మడం రెండవది. పంటను పొలంలో ఉండగానే, లేదా ధాన్యాన్ని తిరిగి అమ్మే ఉద్దేశంతో టోకున కొనివేయడం మూడవది. 1552 నాటి శాసనం ఈ మూడింటినీ నిర్వచించి శిక్షలు విధించింది. వీటిలో రెండవది తెలుగులోని ‘మారుబేరానికి’, మూడవది ‘గుంపగుత్తగా కొనడానికి’ చాలా దగ్గరగా ఉన్నాయి. మూడవ నేరానికి ఆంగ్లంలో ఉన్న ‘ఎన్‌గ్రాసింగ్’ అనే పేరు ‘టోకున’ అనే అర్థం గల ఫ్రెంచి పలుకుబడి నుంచి వచ్చిందే.

1772లో ఈ శాసనాలను రద్దు చేశారు. 1776లో ఆడం స్మిత్ ధాన్య వర్తకుల పట్ల ప్రజలలో ఉన్న ఈ భయాన్ని మంత్రగత్తెల పట్ల ఉన్న భయంతో పోల్చాడు. అయినా 1800లో వాడింగ్టన్ అనే వర్తకుడిని హాప్స్ పంటను ఈ విధంగా కొన్నందుకు న్యాయస్థానం పూర్వసంప్రదాయ న్యాయం ప్రకారం శిక్షించింది. 1844లో మరొక చట్టం వచ్చేదాకా ఈ నేరాలు పూర్తిగా తొలగిపోలేదు. పాత నేరాల పేర్లు ఇంగ్లండులో అంతరిస్తున్న ఆ దశాబ్దాలలోనే అట్లాంటిక్ ఆవలి ఒడ్డున ‘కార్నర్’ అనే కొత్త పేరు రూపుదిద్దుకుంది.

3. మూలకు చిక్కినది ఎవరు?

19వ శతాబ్ది పూర్వార్ధంలో అమెరికన్ ఆంగ్లంలో ‘కార్నర్’ అనే నామవాచకం క్రియగా మారి, ఒకరిని తప్పించుకోలేని స్థితికి నెట్టడం అనే అర్థాన్ని సంతరించుకుంది. వేటలో తరిమిన జంతువు గోడల మధ్య మూలకు చిక్కినప్పటి స్థితి ఇందులోని ఉపమానం. వ్యాకరణపరంగా ఆ క్రియకు కర్మ ఒక ప్రాణి, లేదా వ్యక్తి. వర్తకంలోకి ఈ మాట వచ్చినప్పుడు కూడా చిక్కుబడినది మనిషే. ఆ మనిషి ఎవరో తెలియాలంటే, లేని సరుకును అమ్మడం ఎలా సాధ్యమైందో తెలియాలి.

1848లో చికాగో బోర్డ్ ఆఫ్ ట్రేడ్ ఏర్పడింది. రైలుమార్గాలు విస్తరించడంతో పశ్చిమ మైదానాల గోధుమలు బస్తాలలో కాక పెట్టెలకొద్దీ రాసాగాయి. ‘ఎలివేటర్లు’ అనే ఎత్తైన గిడ్డంగులలో ఒక రైతు గింజలు మరొక రైతు గింజలతో కలిసిపోయేవి. అందువల్ల 1850ల రెండవ భాగంలో ధాన్యాన్ని నాణ్యతను బట్టి తరగతులుగా విభజించవలసి వచ్చింది. గిడ్డంగి ఇచ్చిన రసీదు ఫలానా రైతు గోధుమలకు కాక, ఫలానా తరగతికి చెందిన ఇన్ని బుషెళ్ళ గోధుమలకు హక్కుపత్రం అయింది. ఒక బుషెల్ గోధుమలంటే సుమారు 27 కిలోలు. రసీదు చేతులు మారడం మొదలైన తరువాత, రాబోయే నెలలో ఇస్తానన్న మాట కూడా చేతులు మారసాగింది. 1865లో బోర్డు ఇలాంటి ముందస్తు ఒప్పందాలకు నియమాలు రూపొందించింది.

ధర పడిపోతుందని నమ్మినవాడు తన వద్ద గోధుమలు లేకుండానే నెలాఖరుకు ఇస్తానని ఒప్పుకోవచ్చు. అప్పటికి ధర తగ్గితే చవకగా కొని ఇచ్చి, తేడాను మిగుల్చుకుంటాడు. ఇప్పుడు ఒక ఉదాహరణ. నగర గిడ్డంగులలో 10 లక్షల బుషెళ్ళు ఉన్నాయి. పలువురు కలిసి 30 లక్షల బుషెళ్ళు ఇస్తామని ఒప్పుకున్నారు. ఆ ఒప్పందాలను కొన్నవాడే గిడ్డంగులలోని 10 లక్షల బుషెళ్ళను కూడా రహస్యంగా కొనివేశాడు. గడువు దగ్గరపడింది. అమ్మినవారు సరుకు కోసం వెతికితే, దానిని అమ్మగలవాడు వారు ఎవరికి ఇవ్వవలసి ఉందో అతనే. అతను అడిగిన ధర చెల్లించడం తప్ప వేరు దారి లేదు. ఇదే కార్నర్. ఇందులో రెండు చేతులు ఉన్నాయి. ఒకటి సరుకును పట్టుకున్నది, మరొకటి మాటను పట్టుకున్నది. రెండవది లేకపోతే మొదటిది వట్టి నిల్వ మాత్రమే.

4. చికాగో గోధుమలు: నియమం, ఉల్లంఘన:

ఇలాంటి ఉదంతాలు పదేపదే జరగడంతో 1868లో చికాగో బోర్డు కార్నర్‌ను మోసంగా ప్రకటించింది. సరుకు కొంటానని ఒప్పందం చేసుకుని, అమ్మినవాడు ఆ ఒప్పందాన్ని నెరవేర్చలేకుండా చేసి, అతని నుంచి సొమ్ము గుంజడమే కార్నర్ అని ఆ నియమం సారాంశం. ఈ నిర్వచనంలో రొట్టె కొనుక్కునే గృహస్థు ప్రస్తావన లేదు, ఏకస్వామ్యం ప్రస్తావనా లేదు. బాధితుడు ఒప్పందంలోని రెండవ పక్షం. అప్పటి వర్తకుల దృష్టిలో ఈ మాటకున్న నికరమైన అర్థం ఇదే.

నియమం వచ్చిన నాలుగేళ్ళకే 1872లో జాన్ లయన్ అనే వర్తకుడు మరికొందరితో కలిసి గోధుమలను కార్నర్ చేయబూనాడు. అంతకు ముందు ఏడాది చికాగో మహాగ్నిప్రమాదంలో కొన్ని గిడ్డంగులు తగలబడిపోయాయి. నగరంలో నిల్వచేయగల స్థలం తగ్గితే సరుకును అదుపు చేయడం తేలిక. ఆగస్టులో ధర అనూహ్యంగా పెరిగింది. ఆ ధర తంతిమార్గాన పల్లెలకు చేరింది. రైతులు కొత్త పంటను తొందరగా నూర్చి, రైలుపెట్టెలలో నింపి పంపసాగారు. వచ్చిపడిన ప్రతి బుషెల్‌నూ అదే ధరకు కొనవలసి రావడం, బ్యాంకులు ఇక అప్పు ఇవ్వకపోవడంతో లయన్ పథకం కొద్దిరోజులలోనే కూలిపోయింది.

ఈ ఉదంతం కార్నర్‌కూ గుత్తాధిపత్యానికీ ఉన్న మౌలిక భేదాన్ని చూపుతుంది. కార్నర్‌కు ఆయుష్షు తక్కువ. అది ఒక నగరానికి, ఒక తరగతికి, ఒక గడువుకు పరిమితం. గడువు దాటితే పట్టుకున్న సరుకంతా అధిక ధరకు కొన్న భారంగా మిగులుతుంది. ఆ సరుకును వదిలించుకోవడాన్ని వర్తకులు ‘శవాన్ని పాతిపెట్టడం’ అనేవారు. గెలిచినవాడికి కూడా శవం మిగులుతుందన్న ఎరుక ఆ పలుకుబడిలో ఉంది.

1888 సెప్టెంబరులో బెంజమిన్ హచిన్సన్ చేసిన కార్నర్ మాత్రం సఫలమైంది. ఆగస్టులో డాలరు లోపు ఉన్న గోధుమ ధరను అతను నెలాఖరు గడువు నాటికి 2 డాలర్లకు చేర్చాడు. దశాబ్దం తరువాత 1897–98లో జోసెఫ్ లైటర్ అదే దారిన నడిచాడు. అతనికి గోధుమలు ఇవ్వవలసిన ఫిలిప్ ఆర్మర్, శీతకాలంలో గడ్డకట్టిన సరోవరాలలో మంచు పగులగొట్టే పడవలను నడిపించి సరుకు తెప్పించాడు. మూలకు చిక్కినవాడు గోడను పగులగొట్టుకుని బయటపడ్డాడన్నమాట. 1898 వసంతంలో స్పెయిన్‌తో యుద్ధం కారణంగా ధర ఇంకా పెరిగినా, జూన్ నాటికి లైటర్ పథకం కుప్పకూలింది. అతని అప్పుల భారం తండ్రి మీద పడింది.

5. బంగారం, 1869: అమాయకుల ఇరకాటం:

లేని సరుకును అమ్మినవాడు జూదరి కాబట్టి అతను నష్టపోతే జాలిపడనవసరం లేదన్న వాదన ఆనాడు బలంగా ఉండేది. 1869 నాటి బంగారం ఉదంతం ఈ వాదనలోని లోపాన్ని బయటపెట్టింది. అంతర్యుద్ధం తరువాత అమెరికాలో కాగితపు డాలరు, బంగారపు డాలరు వేర్వేరు విలువలతో చలామణి అయ్యేవి. ఎగుమతి వర్తకుడు దేశంలో కాగితపు డాలర్లతో సరుకు కొని, విదేశం నుంచి బంగారం విలువలో సొమ్ము పొందేవాడు. మధ్యకాలంలో బంగారం ధర తగ్గితే నష్టపోతాడు. ఆ నష్టం నుంచి రక్షణగా బంగారాన్ని అప్పుతెచ్చి ముందుగానే అమ్మేవాడు. అంటే అతను జూదం ఆడటానికి కాక, జూదం నుంచి తప్పించుకోవడానికి అమ్మేవాడు.

జే గూల్డ్, జేమ్స్ ఫిస్క్ న్యూయార్కులో అందుబాటులో ఉన్న బంగారాన్ని కొనివేయడం మొదలుపెట్టినప్పుడు ఇరుకున పడినవారిలో ఇలాంటి వర్తకులు ఎందరో ఉన్నారు. సెప్టెంబరు 24, శుక్రవారం నాడు 100 బంగారు డాలర్ల ధర 160 కాగితపు డాలర్లకు చేరింది. ఖజానా కార్యదర్శి బౌట్‌వెల్ 40 లక్షల డాలర్ల బంగారాన్ని అమ్మమని ఉత్తర్వు చేయగానే ధర నిమిషాలలో కూలింది. పెరుగుదల కొందరిని, పతనం మరికొందరిని దివాలా తీయించింది. ఆ రోజు ‘నల్ల శుక్రవారం’గా చరిత్రలో నిలిచింది. కార్నర్‌ను ఛేదించడానికి ప్రభుత్వం తన వద్ద ఉన్న నిల్వను విపణిలోకి వదలవలసి వచ్చిందన్నది గమనార్హం.

6. బాధితుడు మారిన తీరు:

20వ శతాబ్ది తొలి దశాబ్దంలో జాతీయంలోని బాధితుడు మారిపోయాడు. లైటర్ ఉదంతం ప్రేరణతో ఫ్రాంక్ నోరిస్ రాసిన ‘ది పిట్’ నవల 1903లో వెలువడింది. 1909లో డి. డబ్ల్యూ. గ్రిఫిత్ ‘ఎ కార్నర్ ఇన్ వీట్’ అనే మూకీచిత్రం తీశాడు. అందులో ధాన్యపు రాజు విందునూ, రొట్టె కోసం బారులు తీరిన పేదలనూ పక్కపక్కన చూపాడు. ఒప్పందం నెరవేర్చలేక చిక్కిన వర్తకుడి స్థానంలో ఆకలిగొన్న వినియోగదారు నిలిచాడు. క్రియకు కర్మగా ‘మనిషి’ ఉన్నచోట ‘గోధుమ’, ఆపైన ‘మార్కెట్’ చేరాయి.

న్యాయవ్యవస్థ కూడా ఇదే దిశలో నడిచింది. జేమ్స్ పాటెన్, అతని సహచరులపై వచ్చిన పత్తి కార్నర్ కేసులో 1913లో అమెరికా సుప్రీంకోర్టు, అలాంటి పథకం 1890 నాటి షెర్మన్ చట్టానికి విరుద్ధమని నిర్ణయించింది. కార్నర్ వల్ల కొనుగోళ్ళు పెరిగి పోటీ ఎక్కువవుతుందే తప్ప తగ్గదన్న వాదనను న్యాయస్థానం అంగీకరించలేదు. ఈ తీర్పుతో కార్నర్ గుత్తాధిపత్య నిరోధక న్యాయం పరిధిలోకి వచ్చింది. అయినా తరువాత ముందస్తు ఒప్పందాల నియంత్రణకు వచ్చిన చట్టాలు కార్నర్‌ను వేరే నేరంగానే పేర్కొన్నాయి. రెండు మాటలు దగ్గరయ్యాయి, ఒకటి కాలేదు.

కార్నర్ చేసినవారు ఎప్పుడూ ధర పెంచే పక్షానే ఉంటారన్న భావనను 1955 నాటి ఉల్లి ఉదంతం తలకిందులు చేసింది. శామ్ సీగెల్, విన్సెంట్ కొసుగా చికాగోలోని ఉల్లిని భారీగా చేజిక్కించుకుని, ఆ తరువాత ధర పడిపోవడం మీద పందెం వేసి నిల్వలను విపణిలోకి వదిలారు. 1956 మార్చి నాటికి 50 పౌండ్ల ఉల్లిబస్తా ధర 10 సెంట్లకు పడింది. ఉల్లి కన్నా గోనెసంచి విలువ ఎక్కువైంది. ఇక్కడ దెబ్బతిన్నది రైతు. ఫలితంగా 1958లో ఉల్లి ముందస్తు వ్యాపారాన్నే అమెరికా నిషేధించింది.

1979–80లో హంట్ సోదరులు వెండిని పెద్దయెత్తున కూడబెట్టినప్పుడు ఔన్సు ధర 50 డాలర్ల దరిదాపులకు చేరి, 1980 మార్చి 27 నాటికి 11 డాలర్ల లోపుకు పడిపోయింది. పత్రికలలో ఇది ‘వెండిపై గుత్తాధిపత్యం’ కథగానే నిలిచింది. అయితే 1988లో వారిపై నష్టపరిహారపు దావా గెలిచినది పెరూ ప్రభుత్వ ఖనిజ విక్రయ సంస్థ మిన్‌పెకో. అది వెండిని ముందుగా అమ్మి ఇరుకున పడిన సంస్థ. శతాబ్దం గడిచినా న్యాయస్థానంలో నిలబడిన బాధితుడు 1868 నాటి నిర్వచనంలోని వాడే.

నేటి వ్యవహారంలో ఈ జాతీయం ఇంకా వదులైంది. ఒక సంస్థ ఒక రంగంలో అగ్రస్థానంలో ఉన్నా, ఒక వ్యక్తి ఒక విద్యలో సాటిలేనివాడైనా దీనిని మెచ్చుకోలుగా వాడుతున్నారు. నిందార్థం కలిగిన మాట ప్రశంసార్థంలోకి మారడం అర్థపరిణామంలో తెలిసిన విషయమే. ఆ మార్పులో చిక్కుబడినవాడు పూర్తిగా కనుమరుగయ్యాడు.

7. తెలుగులో గుత్త:

తెలుగులో ‘గుత్త’ అంటే నిర్ణీత మొత్తానికి కుదిరిన కౌలు, లేదా ఒప్పందం. రేవు, చెరువు చేపలు, కల్లు, సారా వంటి వాటిపై హక్కును పాలకులు వేలం ద్వారా ఒకరికి అప్పగించేవారు. ఆ హక్కు పొందినవాడు గుత్తదారు. నేటి పత్రికలలో కాంట్రాక్టరుకు వాడే ‘గుత్తేదారు’ అనే మాట దీని కొనసాగింపే. అలాంటి గుత్త పొందినవాడికి ఆ ప్రాంతంలో పోటీ ఉండదు. ఎందుకంటే పోటీకి వచ్చినవాడిని ప్రభుత్వమే శిక్షిస్తుంది. 1805లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఈస్టిండియా కంపెనీ నెలకొల్పిన ఉప్పు ఏకస్వామ్యంలో కూడా అధికారమే ఆధారం. ‘గుత్త’కు ‘ఆధిపత్యం’ చేర్చి ఏర్పడిన సమాసంలో ఈ చారిత్రక వాసన ఉంది. గుత్తాధిపత్యం రాజముద్ర నీడలో నిలుస్తుంది, ఏళ్ళతరబడి సాగుతుంది.

కార్నర్‌కు రాజముద్ర లేదు. పై ఉదంతాలలో ప్రభుత్వమో, విపణి సంస్థో దానిని ఛేదించే పక్షాన ఉన్నాయి. అందువల్ల హచిన్సన్‌ను ‘గుత్తాధిపతి’ అంటే అతనికి లేని అధికారాన్ని కట్టబెట్టినట్లవుతుంది. సారా గుత్తదారు మార్కెట్‌ను కార్నర్ చేశాడంటే, ఆ హక్కును వేలం వేసిన ప్రభుత్వపు బాధ్యత మరుగున పడుతుంది.

భారతీయ చట్టాలు ఈ భేదాన్ని పాటించాయి. ముందస్తు ఒప్పందాల నియంత్రణకు 1952లో, నిత్యావసర సరుకుల నిల్వలను అదుపు చేయడానికి వీలిచ్చేలా 1955లో, గుత్తాధిపత్య, నిర్బంధ వాణిజ్య పద్ధతుల నిరోధానికి 1969లో వేర్వేరు చట్టాలు వచ్చాయి. మాట, సరుకు, అధికారం అనే మూడు వేర్వేరు పట్లను చట్టం మూడుగా గుర్తించినప్పుడు పరిభాష ఒకే మాటతో సరిపెట్టుకోవడం తగదు.

8. ముగింపు:

పై పరిశీలన నుంచి కొన్ని విషయాలు తేటతెల్లమవుతాయి. ‘కార్నర్’ మొదట మనిషిని చుట్టుముట్టడానికి పేరు. తరువాత సరుకును చేజిక్కించుకోవడానికి, చివరికి ఏ రంగంలోనైనా ఆధిక్యానికి పేరైంది. ఆ క్రమంలో బాధితుడు వర్తకుడి నుంచి వినియోగదారుకు మారి, కడకు అదృశ్యమయ్యాడు. తెలుగులో ‘గుత్తాధిపత్యం’ అనే అనువాదం చివరి దశకు కొంతవరకు సరిపోతుంది గాని, 19వ శతాబ్ది ఉదంతాలకు సరిపోదు.

ఆ ఉదంతాలను బోధించేటప్పుడు, అనువదించేటప్పుడు ‘ఇరుకున పెట్టడం’ అనే తెలుగు నుడికారం మూలానికి దగ్గరగా ఉంటుంది. దానికి కర్మ మనిషే. సరుకంతా కొనివేయడానికి ‘గుంపగుత్తగా కొనడం’, కొన్నచోటే తిరిగి అమ్మడానికి ‘మారుబేరం’, అధికార బలంతో నిలిచే ఏకైక హక్కుకు ‘గుత్తాధిపత్యం’, ఒకే అమ్మకందారు గల విపణి స్థితికి అర్థశాస్త్ర పాఠ్యగ్రంథాలలో స్థిరపడిన ‘ఏకస్వామ్యం’ అనే మాటలను వేరువేరుగా వాడుకునే వీలు తెలుగుకు ఇప్పటికే ఉంది. ఈ మాటలను విడివిడిగా వాడినప్పుడే ధర పెరిగిన ప్రతి సందర్భంలోనూ అడగవలసిన ప్రశ్నలు స్పష్టంగా నిలుస్తాయి: పట్టుకున్నది సరుకునా, మాటనా, అధికారాన్నా? ఇరుకున పడినది ఎవరు?